వజ్రం మీద ముంజేయి

చర్మం మీద పూసే మందులు తయారుచేసే కంపెనీ మాది. శామీర్‌పేట దాటాక ఫ్యాక్టరీలు, ల్యాబులు వరసగా వచ్చే రోడ్డులో చిన్న రెండంతస్తుల భవనం. కింద క్రీములు తయారయ్యేవి. పైన మేం ఇద్దరం, ఆ క్రీములోని అణువులు చర్మం మీద నిలుస్తున్నాయా, తుడిస్తే పోతున్నాయా, కడిగితే ఎంత మిగులుతుంది అని చూసేవాళ్లం. నాతో పనిచేసే ఆమెది ఇంచుమించు నా వయసే. గాజులరామారం నుంచి కంపెనీ బస్సులో వచ్చేది. నేను దేవరయాంజాల్ మలుపు దగ్గర అదే బస్సు ఎక్కేదాన్ని. తన పక్క సీటులో సంచి పెట్టి నా కోసం ఆపి ఉంచేది.

మేం వాడే యంత్రం గురించి కొంచెం చెప్పాలి. చూడడానికి అదొక పెద్ద ప్రింటరులా ఉంటుంది. దాని మీద ఒక ఉక్కు పలక, పలక నడుమ పెసరబద్దంత వజ్రం. కంటికి కనిపించని పరారుణ కాంతి అడుగు నుంచి ఏటవాలుగా వజ్రంలోకి వస్తుంది. పైముఖానికి తగిలి, బయటికి పోలేక, మొత్తంగా వెనక్కి తిరుగుతుంది. ఇంటర్లో దీన్నే సంపూర్ణాంతర పరావర్తనం అని బట్టీపట్టాం. బావిలో మునిగి వాలుగా పైకి చూస్తే నీటిపొర అద్దంలా మెరుస్తుంది కదా, అదే ఇది. అయితే వెనక్కి తిరిగే ఆ చోట కాంతి కొద్దిగా, చాలా కొద్దిగా, అవతలికి తొంగి చూసి వస్తుంది. వెంట్రుక మందంలో పదో వంతు కూడా ఉండదు ఆ దూరం. అక్కడ వజ్రాన్ని తాకి ఉన్న అణువులు తమకు కావలసిన కాంతిని తీసేసుకుంటాయి. కొవ్వు ఒక చోట తీసుకుంటుంది, నీళ్లు ఇంకో చోట, మాంసకృత్తు మరో చోట. తిరిగొచ్చిన కాంతిలో ఎక్కడెక్కడ లోటు పడిందో కంప్యూటరు ఒక గీత గీసి చూపిస్తుంది. ఆ గీతలోని గుంటలను చదివి, వజ్రానికి ఆనుకుని ఏమున్నదో చెప్పొచ్చు. ఆనుకుని ఉన్నంత వరకే. దానికి అవతల ఏమున్నా యంత్రానికి తెలియదు.

మొదట్లో జంతువుల చర్మం ముక్కల మీద చూసేవాళ్లం. తర్వాత కావలసిన అనుమతులు తీసుకుని మా చేతుల మీదే చూడడం మొదలుపెట్టాం. ముంజేయి సబ్బుతో కడిగి, ఆరనిచ్చి, పెన్నుతో చిన్న చిన్న గళ్లు గీసుకోవాలి. ఒక గడిలో క్రీము రాయాలి, ఒకటి ఉత్తగా వదలాలి. ఒక్కో గడినీ వజ్రం మీద ఆనించి కదలకుండా కూర్చోవాలి. ఏసీ గదిలో ఆ ఉక్కు పలక గడ్డకట్టిన నీళ్లలా ఉండేది. ఆమె చెయ్యి పెట్టిన ప్రతిసారీ భుజాలు ఎగరేసేది.

"అమ్మో, ఏం సల్లగుందే తల్లీ," అనేది. రోజూ అదే మాట.

ఒక రోజు నా ఎడమ ముంజేతి లోపలివైపు గళ్లన్నీ నిండిపోయాయి. అందుకని చెయ్యి తిప్పి, మోచేతికి కాస్త కింద, బయటివైపు పెట్టాను. అక్కడ రూపాయి బిళ్ల కన్నా కొంచెం పెద్ద మచ్చ ఉంది. చుట్టూ ఉన్న రంగు కన్నా పాలిపోయి ఉంటుంది. దురద లేదు, నొప్పి లేదు. మా అత్తమ్మ దాన్ని చూసి శోభి అంది. వేపాకు నూరి రాసింది కూడా. నేనూ శోభే అనుకున్నాను.

చెయ్యి ఆనించాను. చల్లగా లేదు. వెచ్చగానూ లేదు. అసలు పలక మీద పెట్టినట్టే లేదు.

"ఏసీ బందయిందా?" అని అడిగాను.

"నడుస్తనే ఉంది. ఏమైంది?"

"పలక సల్లగ లేదు."

ఆమె వచ్చి పలక అంచు మీద అరచెయ్యి పెట్టి తీసేసింది. "గింత సల్లగుంటే లేదంటవేంది? ఏదీ, చెయ్యి చూపెట్టు."

క్రీము నమూనాలు చల్లగా ఉంచే ట్రేలో మంచు ముక్కలున్నాయి. ఒకటి తీసి మచ్చ మీద పెట్టింది. ఇద్దరం చూస్తూ కూర్చున్నాం. మంచు కరిగి, నీళ్లు మచ్చ అంచు దాటి కిందికి జారాయి. అంచు దాటిన చోట చురుక్కుమని చల్లదనం తెలిసింది. మచ్చ మీద మాత్రం ఏమీ లేదు.

"తెలుస్తలేదా?"

"లేదు."

"గిచ్చనా?"

గిచ్చింది. గోటి గుర్తు పడింది. ఇంకెవరి చేతినో గిచ్చుతుంటే నేను పక్కన కూర్చుని చూస్తున్నట్టు ఉంది.

ఈలోగా యంత్రం తన గీత గీసేసింది. మాంసకృత్తుల గుంటలు ఉండాల్సిన చోటే ఉన్నాయి, కొవ్వు గుంటలూ అంతే. ఆమె తన చేతి గీతను తెచ్చి దీని మీద పెట్టి చూసింది. రెండూ ఒకదాని మీద ఒకటి కూర్చున్నాయి.

"గిదైతే మంచిగనే ఉంది గదా," అంది. ఆ మాటతో నాకు కొంచెం ధైర్యం వచ్చింది. నిజానికి అందులో ధైర్యపడాల్సిందేమీ లేదు. ఆ కాంతి చర్మం పైనున్న చచ్చిన పొరనైనా పూర్తిగా దాటదు. నరాలు దానికి ఎంతో కింద ఉంటాయి. పై పొర ఆమెదీ నాదీ ఒకటే, ఎవరిదైనా ఒకటే.

"ఏదేమైనా డాక్టరుకు చూపెట్టు. జల్దీ చూపెట్టు," అని ఆమే పంపింది.

మేడ్చల్‌లో చర్మం డాక్టరమ్మ దగ్గరికి ఒక్కదాన్నే వెళ్లాను. ఆమె మచ్చను వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసింది. డబ్బాలోంచి దూది తీసి, సన్నగా పోగులా పేని, నన్ను కళ్లు మూసుకోమంది.

"తగిలినప్పుడల్లా, తగిలిన చోట వేలు పెట్టండమ్మా."

మణికట్టు దగ్గర తగిలింది, వేలు పెట్టాను. మోచేతి మీద తగిలింది, పెట్టాను. తర్వాత చాలాసేపు ఊరుకున్నాను. గదిలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ లేదు.

"మచ్చ మీద కూడా చూడండి మేడం," అన్నాను.

"చూశానమ్మా. అయిపోయింది. కళ్లు తెరవండి."

మోచేతి వెనక వేళ్లతో నొక్కి, అక్కడున్న నరం కొంచెం లావెక్కిందని చెప్పింది. తర్వాత కుర్చీ నా వైపు లాక్కుని, దాచకుండా, గొంతు తగ్గించకుండా చెప్పింది. ఇది కుష్టు. తొందరగానే వచ్చారు. ఆరు నెలలు మందు వేసుకుంటే పోతుంది, మందు సర్కారు దవాఖానాలో ఉచితంగా ఇస్తారు. మొదటి మోతాదు పడ్డాక ఇంకొకరికి అంటుతుందన్న భయం ఉండదు. ఉద్యోగం మానక్కర్లేదు. ఆ చేత్తో వేడి వస్తువులు పట్టుకునేటప్పుడు మాత్రం కళ్లతో చూసి పట్టుకోవాలి. చెయ్యి చెప్పదు కాబట్టి కళ్లే చెప్పాలి.

"మీ ఇంట్లోవాళ్లను కూడా ఒకసారి చూడాలి. వాళ్లకూ ఒక మోతాదు మాత్ర ఇస్తాం."

"వాళ్లకు చెప్పకుండా కుదరదా?"

"చెప్పకుండా ఎట్లా ఇస్తామమ్మా?"

బయటికి వచ్చాను. బస్టాండు ముందు టమాటాలు బాగున్నాయని కొన్నాను. కొత్తిమీర కూడా కొన్నాను. బస్సులో కూర్చున్నాక ఏడుపు వస్తుందేమో అని చూశాను. రాలేదు. భయం కూడా రాలేదు. నా ఒళ్లో ఉన్న సంచిలోంచి కొత్తిమీర వాసన వస్తోంది. రోడ్డు పక్కన కొత్త వెంచర్ల బోర్డులు వస్తున్నాయి, పోతున్నాయి. అన్నీ చదువుకుంటూ ఇంటికి వచ్చాను.

మా ఇంట్లో ముగ్గురమే. నేను, నా భర్త, అత్తమ్మ. మాకున్న పొలం వెంచరులో కలిసిపోయాక ఆయన ప్లాట్లు కొనేవాళ్లను బండి మీద తిప్పి చూపించే పని చేస్తున్నాడు. వాకిట్లో బండి తుడుస్తుంటే వెళ్లి చెప్పాను. గుడ్డ చేతిలోనే ఉంది.

"అంటుకుంటదా?"

"మందు పడ్డంక అంటుకోదంట."

"అమ్మకు జెప్పకు."

"నర్సు ఇంటికొస్తదంట. అందర్ని చూడాల్నంట."

 ఆయన అప్పటికే తుడిచిన అద్దాన్ని మళ్లీ తుడిచాడు. ఆ వారంలోనే, ఏసీ పడుతలేదని, పడక ముందు గదిలోకి మార్చుకున్నాడు. దుప్పటీ, దిండూ నేనే తీసుకెళ్లి అక్కడ వేశాను.

నర్సు వచ్చిన రోజు అత్తమ్మ వాకిట్లో చింతపండు గింజలు తీస్తోంది. నర్సు ఆమెను లోపలి గదిలోకి తీసుకెళ్లి వీపూ చేతులూ చూసింది. ఏ మచ్చా లేదు. మాత్రలు చేతిలో పెట్టి, ఎందుకో చెప్పింది. నేను తలుపు దగ్గర నిలబడి ఉన్నాను.

"పెద్దరోగమా?" అంది అత్తమ్మ.

"గా మాట అనకు అవ్వా. ఇప్పుడు మందులున్నయ్. మీ కోడలుకు జల్దీ నయమైతది."

అత్తమ్మ మాత్రలు నోట్లో వేసుకుని నీళ్లు తాగింది. నా వైపు చూడలేదు. వెళ్లి మళ్లీ చింతపండు ముందు కూర్చుంది.

మర్నాటి నుంచి నా పళ్లెం, గ్లాసు వేరయ్యాయి. గిన్నెలు కడిగే చోట కిటికీ గట్టు మీద వాటిని విడిగా బోర్లించి పెట్టేది.   అన్నం వేళకు వెళ్లి ఆ పళ్లెం తీసుకుని, వడ్డించుకుని, తిని, కడిగి, మళ్లీ అక్కడే పెట్టేదాన్ని. ఇంకొకరికి ఇలా జరిగిందని వింటే నాకు ఎంతో కోపం వచ్చేది. నాకే జరుగుతుంటే మాత్రం, ఈ పూట పప్పు చిక్కగా ఉంది, మజ్జిగ పుల్లగా ఉంది, అంతవరకే తెలిసేది.

ఆఫీసులో కూడా చెప్పాను. నాతో పనిచేసే ఆమె ఆ పలక మీదే రోజూ చెయ్యి పెడుతుంది కాబట్టి ముందు ఆమెకు చెప్పాను.  ఆమె యంత్రం వైపు చూసి, "గా వజ్రం మీద నేను గూడ పెట్టిన గదా," అంది.

"గట్ల అంటుకోదంట. డాక్టరమ్మ చెప్పింది."

"నాకు తెల్సు. అంటుకోదని నాకు గూడ తెల్సు," అంది. 

మర్నాడు బస్సెక్కితే ఆమె పక్కన సంచి లేదు, కింది అంతస్తులో పనిచేసే ఒకామె కూర్చుని ఉంది. నేను వెనక సీటుకు వెళ్లాను. మేనేజరు మంచి మాటలే మాట్లాడాడు. డాక్టరు పని చేయొచ్చన్నాక మాకేం అభ్యంతరం లేదన్నాడు. ఇకపై నా చెయ్యి మాత్రం పెట్టొద్దన్నాడు. చేతులు పెట్టడానికి కింది నుంచి ఇద్దరు ముగ్గురు వచ్చేవాళ్లు. నేను వజ్రం తుడిచి, యంత్రం నడిపి, గీతలు చదివేదాన్ని. నా తర్వాత కీబోర్డు ముందు కూర్చునేటప్పుడు ఆమె చేతులకు తొడుగులు వేసుకునేది. నేను చూడకుండా వేసుకోవాలని ప్రయత్నించేది. చూసినా నాకేమీ అనిపించేది కాదని ఆమెకు తెలియదు.

పని మాత్రం సాగింది. ఆ నెలల్లోనే ఒక క్రీములోని కొవ్వు, కడిగిన తర్వాత కూడా చర్మాన్ని పట్టుకుని ఉంటోందని తేలింది. గీతలో ఆ గుంట పూడిపోకుండా అలాగే నిలిచింది. కింద అంతస్తులో మిఠాయి పంచారు. ఒక పెట్టె పైకి కూడా వచ్చింది. ఎవరు ముందు తీసుకోవాలో తేలక కాసేపు బల్ల మీదే ఉంది. ఆమె ఒకటి తీసి నాకిచ్చింది. వేలికి వేలు తగలకుండా ఇచ్చింది.

ఒక ఆదివారం మధ్యాహ్నం అన్నం వారుస్తున్నాను. కుడి చేతిలో మూత, ఎడమ చేత్తో గుడ్డ పట్టి గిన్నె వంచాను. గంజి కింది గిన్నెలోకి దిగుతుంటే దాన్నే చూస్తున్నాను. ఏదో కమురు వాసన వచ్చింది. పొయ్యి మీద పాలేమైనా పొంగాయా అని అటు చూశాను.

"చెయ్యి! ఓ పిల్లా, చెయ్యి కాల్తాంది!"

అత్తమ్మ గుమ్మంలోంచి అరుస్తూ వచ్చింది. గిన్నె పక్క నా ముంజేతికి ఆనుకుని ఉంది. ఆమె నా మణికట్టు పట్టుకుని ఒక్క గుంజు గుంజింది. గిన్నె పడి అన్నం కింద పోయింది. నన్ను అట్లాగే లాక్కుపోయి నల్లా తిప్పి, మచ్చ మీద చర్మం ఊడి వేలాడుతున్న చోట నీళ్లు పడేటట్టు పట్టింది. తన రెండు చేతులతో పట్టుకుంది. చాలాసేపు పట్టుకుంది. నా మొహం చూస్తోంది, నేను ఎప్పుడు అరుస్తానా అని.

"నొస్తలేదా?"

"లేదత్తమ్మా."

"ఏం నొస్తలేదా?"

"చుట్టుముట్టు మండుతాంది. నడుమల ఏం లేదు."

అప్పుడు ఆమె తన చేతులు చూసుకుంది. నా చెయ్యి వదిలేసి గడప మీద కూర్చుంది. నల్లా కారుతూనే ఉంది. గోడను చూస్తూ చెప్పడం మొదలుపెట్టింది.

"మా మేనమామకు గిదే ఉండె. ఊరవతల బాయికాడ గుడిసె ఏసిన్రు. పొద్దుగాల సద్ది నేనే కొంచవోతుంటి. బండ మీద పెట్టి ఉరికొస్తుంటి. దగ్గరికి పోవద్దని మా అమ్మ ఒట్టు పెట్టించుకున్నది. ఒకనాడు పోతే, పొయ్యి కాడ చేతులు కాల్చుకున్నడు. బొబ్బలొచ్చినయ్. ఆయనకు సోయి లేదు. నేను ఏడుస్తుంటే నవ్విండు. నొస్తలేదు బిడ్డా, పరేషాన్ గాకు అన్నడు."

"నువ్వేం జేసినవ్?"

"ఏం జేస్త? ఉరికొచ్చిన."

నేను నల్లా కట్టేశాను.

"గా చేతులు ఎవలు ముట్టలె. సచ్చిపోయినంక గూడ తాళ్లతోని గుంజిన్రు. నేను గూడ ముట్టలె. నన్ను ఎత్తుకొని తిప్పినోడు. మస్తు ఎత్తుకున్నోడు."

ఆమె లేచి పెరట్లోకి వెళ్లి సబ్బుతో చేతులు కడుక్కుంది. మోచేతుల దాకా కడుక్కుంది. అది కూడా చూశాను. తర్వాత లోపలికి వెళ్లి ఉతికిన పాత నూలు చీర చెంగు చింపి తెచ్చింది. కాలిన మందు తెమ్మని కొడుకును దుకాణానికి పంపింది. మందు తనే రాసింది, కట్టు తనే కట్టింది. నన్ను కూర్చోమని, కింద పడ్డ అన్నం ఎత్తి, మళ్లీ బియ్యం కడిగి పెట్టింది. ఆ రాత్రి భోజనానికి నా పళ్లెం గట్టు మీద విడిగానే ఉంది.

తర్వాత ఎప్పుడో అది మిగతా పళ్లాలతో కలిసిపోయింది. ఏ రోజు కలిసిందో గమనించలేదు. ఒక పూట వెతికితే గట్టు మీద కనిపించలేదు. అత్తమ్మ చేతికందిన పళ్లెంలో వడ్డించి నా ముందు పెట్టింది. వానలు మొదలయ్యాక ముందు గది కురుస్తోందని నా భర్త లోపలికి వచ్చి పడుకున్నాడు. నిజంగానే కురుస్తోంది, కింద బకెట్ పెట్టాం. కొన్నాళ్లకు కప్పు బాగు చేయించినా మళ్లీ ముందు గదికి వెళ్లలేదు.

బస్సులో నాతో పనిచేసే ఆమె కూడా ఒక రోజు లేచి వెనక సీటుకు, నా పక్కకు వచ్చింది.  తూంకుంట దాటాక చెప్పింది.

"నేను గూడ పోయి చూపిచ్చుకున్న. మేడ్చల్ల, నువ్వు పోయిన డాక్టరమ్మకే. ఏం లేదన్నది."

"మంచిగైంది."

"నాకు సిగ్గైతాంది. నీ మొకం చూడబుద్ధైతలేదు. తిట్టు నన్ను."

తిట్టాలని ప్రయత్నించాను. నిజంగానే, మాటల కోసం లోపల వెతికాను. కోపం లేదు. పోనీలే అనడానికి కావలసిన దయ కూడా లేదు. "ఇయ్యాల గాలి మంచిగొస్తాంది," అన్నాను. ఆమె నా చెయ్యి పట్టుకుంది. ఎడమ చెయ్యే. పట్టుకున్నట్టు అరచేతిలో బాగానే తెలిసింది.

మందు అయిపోయింది. మచ్చ అంచులు కలిసిపోతున్నాయి, కాలిన గుర్తు మాత్రం నడుమ ఉండిపోయింది. డాక్టరమ్మ మళ్లీ దూదితో చూసింది. అంచుల్లో కొంత తిరిగి వచ్చిందని, నడుమ రాకపోవచ్చని చెప్పింది. సరే అన్నాను. రోగం పోయిందన్న మాటకు సంతోషం కలుగుతుందనుకున్నాను. దాని కోసం ఆ సాయంత్రమంతా ఎదురుచూశాను, తర్వాత మర్చిపోయాను. మందుల వల్ల మొహం, చేతులు నల్లబడ్డాయి. అది నెమ్మదిగా పోతుందని ముందే చెప్పారు.

ఆ నలుపు ఉండగానే నాగారంలో మా ఆయన పిన్ని కొడుకు కొత్త ఇల్లు కట్టుకుని పిలిచాడు. నేను రానన్నాను. "ఎందుకు రావు? తయారవు," అని అత్తమ్మ నా చీర తనే తీసి మంచం మీద పెట్టింది. అక్కడ టెంటు కింద ఆడవాళ్లం వరసగా కూర్చుని తింటున్నాం. ఎదుటి వరసలోంచి ఒక పెద్దామె నన్ను చాలాసేపు చూసి, అత్తమ్మను అడిగింది.

"ఏందక్కా, మీ కోడలు గింత నల్లగైంది? ఎర్రగ, మంచిగుండె గదా."

చుట్టుపక్కల నలుగురైదుగురు తలలెత్తారు. నేను చెయ్యి ఆపి విస్తరి చూస్తున్నాను. అత్తమ్మ ముద్ద మింగి, నీళ్లు తాగి చెప్పింది.

"నరాలకు మందులు వాడింది. గా మందులకు నల్లగైంది. ఇగ తగ్గుతది."

"నరాలకా? ఏమైంది?"

"చెయ్యి తిమ్మిరి. ఇప్పుడు మంచిగుంది," అని, తన విస్తరిలో ఉన్న బూరె తీసి నా విస్తరిలో వేసింది. "తిను. నాకు తీపి పడదు."

వచ్చేటప్పుడు ఆటోలో ఇద్దరమే ఉన్నాం. కీసర రోడ్డు మీద లారీల దుమ్ము లేస్తోంది, ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. కొంచెం దూరం వచ్చాక కొంగు తీసి నా వైపు తిరిగింది.

"నేను అబద్ధమాడిన్నా?"

"లేదత్తమ్మా. నరాల మందే గది."

"పేరు జెప్తే ఆళ్లు విస్తరి ముందలకెల్లి లేచిపోతరు. నాకెర్కనే."

"ఊఁ."

"నువ్వు తిన్నవా కడుపు నిండ?"

"తిన్న."

"పప్పుల ఉప్పు తక్కువైంది," అంది.

"అవునత్తమ్మా," అన్నాను, "తక్కువైంది."